మూడో వరుసలో ఆలుమగలు

సీసాలకు మూతలు బిగించే మిషను చెడిపోయి దూలపల్లిలోని పచ్చళ్ల కంపెనీ వారం రోజులు మూతపడింది. ఆ వారంలోనే ఒక పొద్దున హన్నమ్మ సుచిత్ర చౌరస్తాలో, ఇంకా షట్టర్లు ఎత్తని దుకాణాల ముందు, పక్కింటి లతతో కలిసి వ్యాను కోసం నిలబడి ఉంది.

లత రెండేళ్లుగా షూటింగులకు పోతోంది. తెర మీద ముందున్న వాళ్ల కథ నడుస్తుంటే వెనకాల రోడ్డు దాటే మనుషులు, బస్టాపులో నిలబడే మనుషులు, పెళ్లిలో కూర్చుని తినే మనుషులు ఉంటారు. వాళ్లను జూనియర్ ఆర్టిస్టులంటారు. "ఇంట్ల గోడలు సూస్కుంట కూసుంటవా అక్కా? ఒక్కపారి రా. పట్టుచీర గట్టుకొని పెండ్లి బంతిల కూసునుడే పని," అని రెండు రోజులు వెంటపడి లత ఆమెను ఒప్పించింది.

షూటింగు ఎక్కడో హన్నమ్మ అడగలేదు. వ్యాను కొంపల్లి దాటి ఔటర్ రింగు రోడ్డు పక్క దారెక్కాక, ఏజెంటు బాలేష్ ఫోనులో ఎవరితోనో "అర్ధగంటల శామీర్‌పేటల ఉంటం సార్" అన్నప్పుడు గానీ తెలియలేదు. తెలిశాక ఒళ్లో ఉన్న సంచిని దగ్గరికి లాక్కుని కిటికీ వైపు తిరిగింది.

అది ఆమె పుట్టి పెరిగిన ఊరు. పెళ్లయి వెళ్లిపోయిన ఈ ఇరవయ్యారేళ్లలో అక్కడ కాలు పెట్టింది రెండే సార్లు. అమ్మ పోయినప్పుడొకసారి, నాయిన పోయినప్పుడొకసారి. రెండుసార్లూ సమాధుల తోటలోంచి తిన్నగా వచ్చి ఆటో ఎక్కేసింది. దూరమని కాదు. మేడ్చల్‌లో ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు. దగ్గరగా ఉన్న ఊరికి పోకుండా ఉండటానికే ఆమె ఎక్కువ కష్టపడింది.

"ఏందక్కా, గట్లయినవ్? కడుపుల తిప్పుతాందా?" అంది లత.

"ఏం లే," అంది హన్నమ్మ.

చెరువుకు అవతల గట్టున ఒక పెద్ద తోట. అందులో పందిరి వేసి, బంతిపూల దండలు కట్టి, వరసగా బల్లలు పరిచి పెళ్లిని సిద్ధం చేశారు. తీస్తున్నది ఒక బియ్యం కంపెనీ ప్రకటన. ముందు వరసలో పెళ్లికూతురి తండ్రి వేషం వేసిన నటుడు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ కళ్లు మూసుకోవడమే ప్రకటన. ఆయన విస్తట్లోకి పోయే అన్నానికి ఒక అమ్మాయి నూనె రాసి, విరిగిన మెతుకులను చిన్న పట్టకారుతో ఏరేస్తోంది. హన్నమ్మ అది చూసి ఆశ్చర్యపోయింది. వెనక వరసల విస్తళ్లలో మాత్రం పొద్దున్నే వండి చల్లారిపోయిన అన్నం, ఒక వడియం.

గుడారంలో ఆమెకు నీలం పట్టుచీర ఇచ్చారు. జాకెట్టు వదులైతే వీపు మీద నాలుగు పిన్నీసులు గుచ్చారు. కొప్పులో పూలు పెట్టారు. అద్దంలో చూసుకోబోతే వెనక వాళ్లు తొందరపెట్టారు.

"నాలుగు ముక్కలు యాదికుంచుకో," అంది లత, తన గాజులు సర్దుకుంటూ. "కెమెరా దిక్కు సూడొద్దు. ముద్ద నోటిదాంక పోవాలె గని లోపలికి పోవద్దు. పక్కోళ్లతోని ముచ్చట పెట్టాలె, సప్పుడు రావద్దు. పెదిమెలు ఆడాలె, గంతే. ఏం మాట్లాడాల్నో తెల్వకపోతే ఒకటి, రెండు, మూడు అనుకుంట లెక్కవెట్టు. దూరంకెళ్లి సూస్తే ముచ్చట లెక్కనే కనవడతది."

సాయినాథ్ అనే కుర్ర అసిస్టెంటు డైరెక్టరు అందరినీ జతలు జతలుగా విడదీస్తున్నాడు. వాకీటాకీ ఒక చేతిలో, కాగితాల అట్ట ఒక చేతిలో. "ఈ అమ్మమ్మ ఇటు. మీరిద్దరూ అన్నదమ్ములు. మీరు అటు చివరికి." హన్నమ్మ దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం చూసి, మగవాళ్ల వరస వైపు తిరిగి కేకేశాడు. "అంకుల్, తెల్ల చొక్కా, జరీ కండువా, మీరు రండి. ఈ ఆంటీ పక్కన. మూడో వరస. మీరిద్దరూ భార్యాభర్తలు."

తెల్ల చొక్కా మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు. హన్నమ్మ ముందు అతని మొహం చూడలేదు. ఎడమ చెవి చూసింది. చెవి అంచులో చిన్న గంటు ఉంది. పన్నెండేళ్లప్పుడు గాలం తగిలి తెగింది. ఆ సంగతి ఆమెకు చెప్పింది ఆ చెవి గల మనిషే.

"మంచిగున్నవా, హన్నా?" అన్నాడు మహేందర్.

ఆమెను హన్నా అని పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. కంపెనీలో హన్నమ్మక్క. చర్చిలో హన్నమ్మగారు. పోయిన భర్త ఇస్సాకు "ఇగో" అని పిలిచేవాడు. 

"ఆఁ," అంది.

ఆమె నాయిన శామీర్‌పేట చర్చి ఆవరణకు కాపలా మనిషి. ప్రతి శనివారం పాస్టరుగారింటికి చేపలు తెచ్చే పిల్లవాడు మహేందర్. చెరువులో వల వేసే ఇల్లు వాళ్లది. హన్నమ్మ గిన్నె పట్టుకుని నిలబడితే తూకం అయిపోయాక ఒక చిన్న బొచ్చె చేపను ఆమె గిన్నెలో వేసేవాడు, పాస్టరమ్మ చూడకుండా. అట్లా మొదలైంది. రెండేళ్లు నడిచింది. ఇద్దరి ఇళ్లలోనూ తెలిసింది. మహేందర్ బాప్తిస్మం తీసుకుంటే ఆలోచిస్తానని ఆమె నాయిన అన్నాడు. అతను అవ్వ అని పిలిచే తల్లి సత్తమ్మ ఆ మాట వింటే చాలు, చెరువులో పడతానంటూ లేచేది.

అప్పుడు మహేందర్ ఒక కబురు పంపాడు. ఆదివారం ఆరాధన అయ్యాక బయటికి రా. రోడ్డుకు అవతల సైకిలు పట్టుకుని నిలబడతా. మేడ్చల్ పోయి రైలెక్కి, కామారెడ్డిలో మా మేనత్త ఇంటికి పోదాం.

ఆ ఆదివారం ఆమె వెళ్లలేదు. నెల తిరక్కుండా దూలపల్లిలో వెల్డింగు పనిచేసే ఇస్సాకుతో పెళ్లయింది. ఇస్సాకు మంచి మనిషి. ఆరేళ్ల కింద కామెర్లతో పోయాడు. కొడుకు గిడియోన్ ఇప్పుడు మెడికల్ షాపులో పనిచేస్తున్నాడు. ఇదంతా ఒక జీవితం. ఇందులో ఆమెకు ఏ లోటూ కనపడలేదు, అప్పుడప్పుడు చేపల బుట్టతో ఒక సైకిలు పక్కనుంచి పోయినప్పుడు తప్ప.

"సైలెన్స్!" అని అరిచారు. మూడో వరుసలో, అరిటాకు విస్తళ్ల ముందు, వాళ్లిద్దరూ మోచెయ్యికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుని ఉన్నారు.

"బ్యాక్‌గ్రౌండ్... యాక్షన్!"

యాభై మంది నోళ్లు ఒక్కసారి కదిలాయి, చప్పుడు లేకుండా. చేతులు ఊగాయి, తలలు పంకించాయి, ఒక ముసలాయన పడీ పడీ నవ్వాడు, చడీచప్పుడు లేకుండా. హన్నమ్మ మహేందర్ వైపు తిరిగి, అతని చొక్కా గుండీ చూస్తూ, ఒకటి, రెండు, మూడు, నాలుగు అంది. అతని పెదవులు కూడా కదులుతున్నాయి. ఏమంటున్నాడో ఆమె చూడలేదు.

"కట్! వన్ మోర్!"

పెళ్లికూతురి తండ్రి కళ్లు మూసుకోవడం డైరెక్టరుకు నచ్చలేదు. మళ్లీ చేశారు. మెతుకులు మార్చి మళ్లీ చేశారు. మబ్బు అడ్డం వచ్చిందని ఆగి మళ్లీ చేశారు. రెండోసారి హన్నమ్మ నలభై దాకా లెక్కపెట్టింది. మూడోసారి పన్నెండు దగ్గర లెక్క తప్పింది. తప్పిన చోట నుంచి ఆమె పెదవులు వాటంతటవే వేరే దారి పట్టాయి.

*నువ్వు నిలబడ్డది సూసిన,* అంది.

చప్పుడు లేదు. ఎవరికీ వినపడదు. పక్కవాళ్లు తమ మూగ ముచ్చట్లలో మునిగి ఉన్నారు. ఇరవయ్యారేళ్లుగా ఏ ప్రార్థనలోనూ పైకి చెప్పని మాట నోట్లోంచి గాలిలాగా బయటికి పోయింది. ఏమీ కాలేదు. ఆకాశం విరిగి పడలేదు. "కట్" అన్నారు, "వన్ మోర్" అన్నారు. నాలుగోసారి ఆమె ఇంకొంచెం చెప్పింది. అయిదోసారి ఇంకొంచెం.

*అందరు ఏమనుకున్నరంటే నాయిన నా చెయ్యి పట్టి గుంజుకపోయిండని. నువ్వు గూడ గట్లనే అనుకున్నవేమో. గుంజుకపోలే. గేటు కాడ చెయ్యి పట్టుకున్నడు, నిజమే. రోడ్డుకు ఆవల సైకిలు సూసిండు. సూసి నా చెయ్యి ఇడిచిపెట్టిండు. పోతే పో బిడ్డా, నేనాపను, అన్నడు. నేనే పోలే. తల వంచుకున్న. సైకిలు చక్రం కనవడ్డది, చక్రం ఎనక నీ కాళ్లు కనవడ్డయ్. తల ఎత్తితే పోతనని తెలుసు నాకు. ఎత్తలే. నాయిన ఎనక ఇంటికి పోయిన.*

ఆరోసారి పక్క వరసలోంచి ఎవరో దగ్గితే ఆపేశారు. ఏడోసారి చెప్పిందే మళ్లీ చెప్పింది. *నాయిన మీద నింద వేసిన. ఊరంత అంటుంటే ఆయన ఒక్కనాడు గూడ కాదనలే. సచ్చేదాంక మోసిండు.* ఆ మాట దగ్గర కళ్లలో నీళ్లు తిరిగి చెంప మీదికి జారాయి.

మైకులో గొంతు వినిపించింది. "మూడో వరస, నీలం చీర! అమ్మా, ఇది పెళ్లి. ఎందుకు ఏడుస్తున్నారు?"

యాభై తలలు తిరిగాయి. సాయినాథ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది ఆంటీ? పొగ వల్లనా?"

"పొగనే సార్," అన్నాడు మహేందర్, ఆమె నోరు తెరిచేలోగా. "అన్నం కాడ పొగ పెడుతున్రు కదా, గది ఇటే కొడతాంది."

సాయినాథ్ పొగ మిషను వాడిని కొంచెం పక్కకు జరగమన్నాడు. ఎనిమిదోసారికి పెళ్లికూతురి తండ్రి సరిగ్గా కళ్లు మూసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భోజనాలకు వదిలారు.

తినకుండా తిన్నట్టు చేసీ చేసీ అందరికీ ఆకలి నకనకలాడుతోంది. చెరువు వైపు గోడ దగ్గర ప్లేట్లు పట్టుకుని చెట్ల నీడలో కూర్చున్నారు. లత ఇద్దరినీ ఒకసారి మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా, "నేను పెరుగు తెస్త" అని వెళ్లి మళ్లీ రాలేదు.

మహేందర్ మొదట మామూలు మాటలే మాట్లాడాడు. శామీర్‌పేట రోడ్డు మీద చేపల దుకాణం ఉంది. వల వేయడం మానేసి చాన్నాళ్లయింది. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాని పెళ్లయింది, చిన్నది నర్సింగు చదువుతోంది. భార్య భవానికి మోకాళ్ల నొప్పులు. ఈ తోటవాళ్లు తెల్ల మీసాల మనుషులు నలుగురు కావాలని ఊళ్లో అడిగితే సరదాకి వచ్చాడు. ఆమె కూడా ఇస్సాకు గురించి, గిడియోన్ గురించి చెప్పింది. మాటలు అయిపోయాయి. ప్లేట్లలో అన్నం అట్లాగే ఉంది.

"హన్నా," అన్నాడు చెరువు వైపు చూస్తూ. "మీ నాయిన నీ చెయ్యి ఇడిచిపెట్టిండా?"

ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది. "నీకెట్ల...?"

"ఇన్నేండ్లకు నువ్వు నా దిక్కు తిరిగి మాట్లాడుతుంటే నేను కూసొని లెక్కవెడతనా? నీ మొకమే సూసిన. అంత సమజ్ కాలే. చెయ్యి ఇడిచిపెట్టిండు అన్నది సమజైంది. సైకిలు అన్నది సమజైంది."

ఇక దాచడానికి ఏమీ లేదు. హన్నమ్మ ఈసారి గొంతుతో చెప్పింది. చిన్న గొంతుతో, తడబడుతూ, మొదటి నుంచి చివరి దాకా. చెప్పి, "నిన్ను ఎండల నిలబెట్టి పోయిన," అంది. "ఎంతసేపు నిలబడ్డవో గూడ నాకు తెల్వదు. పండుకుంటే గదే. గిన్ని ఏండ్లు గదే. పొద్దు గూకేదాంక నిలబడ్డడేమో అని."

 మహేందర్ ప్లేటు కింద పెట్టాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నేను రాలే, హన్నా," అన్నాడు.

"ఏంది?"

"ఆ దినం నేను రాలే. పొద్దుగాల బయలుదేరుతుంటే అవ్వ గడపకు అడ్డం పండుకున్నది. దాటి పో, నన్ను దాటి పో, అన్నది. దాటలే. నాకు ధైర్యం సాలలే. మా సిన్నాయిన కొడుకు గాలయ్య లేడా, వాని చేతికి నా సైకిలిచ్చి తోలిచ్చిన. ఈ వారం కాదు, వచ్చే వారం అని జెప్పుమని. వాడు నీ తోని మాట్లాడాలంటే సిగ్గువడ్డడు. సైకిలు పట్టుకొని ఊకె నిలబడ్డడు. నువ్వు తల వంచుకొని పోయినవని వచ్చి జెప్పిండు. గాలయ్యను సూసినవ్, నేను రాలేదని సమజైంది, కోపానికి పోయినవ్ అనుకున్న నేను. ఏ మొకం పెట్టుకొని వస్త ఇగ?"

చెరువు మీద కొంగలు లేచి దూరంగా వాలాయి. హన్నమ్మ అతన్నే చూస్తోంది.

"అంటే నేను సూసిన కాళ్లు..."

"గాలయ్యవి."

 హన్నమ్మకు కోపం వచ్చింది, నిజంగానే. రాలేదా నువ్వు? నేను ఇన్నేళ్లు నన్ను తిట్టుకున్నది, చచ్చిపోయిన నాయిన దగ్గర మోకాళ్ల మీద పడి ఏడ్చింది, రాని మనిషి కోసమా? కోపం వెనకాలే ఇంకేదో వచ్చింది, దానికి పేరు లేదు. అప్పుడు తల ఎత్తి ఉంటే గాలయ్య కనపడేవాడు. వచ్చే వారం అనేవాడు. వచ్చే వారం ఆమె వచ్చేదేమో. సత్తమ్మ అప్పటికి గడపలోంచి లేచేదేమో. ఒక్క తల ఎత్తడం. ఒక్క గడప దాటడం.

"బ్యాక్‌గ్రౌండ్ అందరూ పొజిషన్!" అని సాయినాథ్ అరుస్తున్నాడు. "జల్దీ, జల్దీ! వెలుగు పోతది!"

మళ్లీ మూడో వరుస. మళ్లీ విస్తళ్లు. ఈసారి పెళ్లికొడుకు ఏదో జోకు వేస్తాడు, పందిరంతా నవ్వాలి, చప్పుడు లేకుండా. కెమెరా నెమ్మదిగా ముందు నుంచి వెనక్కి జరుగుతూ పోతుంది.

"యాక్షన్!"

అందరూ మూగగా నవ్వుతున్నారు. హన్నమ్మ మహేందర్ మొహం చూసింది. అతను నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు గానీ మూతి వంకరపోతోంది. ఆ వంకర చూస్తుంటే ఆమెకు ఉన్నట్టుండి గాలయ్య గుర్తొచ్చాడు. బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ చెప్పుల్లేకుండా తిరిగే గాలయ్య. వాడి మట్టి కాళ్లు తలుచుకుని ఇరవయ్యారేళ్లు ఏడ్చింది తను.

"గాలయ్య కాళ్లు," అంది, పైకే.

మహేందర్ ఆమె వైపు చూశాడు. అంతే, ఇద్దరికీ ఆగలేదు. ముందు ఆమె నోట్లోంచి కిలకిలమని వచ్చింది. తర్వాత అతను, పొట్ట పట్టుకుని, విస్తట్లో వడియం ఎగిరిపడేటట్టు నవ్వాడు. పందిరంతా మూగగా ఉంటే వాళ్లిద్దరి నవ్వూ తోట చివరిదాకా వినపడింది.

"కట్! కట్! ఎవరది?"

సాయినాథ్ ఎర్రబడ్డ మొహంతో వచ్చి ఇద్దరినీ మందలించాడు. "వయసుకు పెద్దోళ్లు, మీరే ఇట్లా చేస్తే ఎట్లా?" ఇద్దరూ బళ్లో పిల్లల్లా తల వంచుకున్నారు. తర్వాతి సారి సరిగ్గా చేశారు. తర్వాత కెమెరాను అవతలి వైపుకు తిప్పారు. మూడో వరసతో పని అయిపోయింది.

గుడారం దగ్గర నీలం చీర తిరిగిచ్చేసి, తన నూలు చీరలో హన్నమ్మ బయటికి వచ్చేసరికి అతను తన మామూలు గళ్ల చొక్కాలో నిలబడి ఉన్నాడు. ముసలివాడిలాగా కనిపించాడు. తనూ అట్లాగే కనిపిస్తుందని ఆమెకు తెలుసు.

"ఇంటికి రా ఒకపారి," అన్నాడు. "భవాని ఏమనదు."

"ఏమని జెప్తవ్ ఆమెకు?"

"ఉన్నది ఉన్నట్టే."

"వద్దు," అంది హన్నమ్మ. వ్యాను హారను కొట్టింది.  ఆమె ఆగకుండా వెళ్లి ఎక్కింది. వ్యాను కదిలాక లత ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, సుచిత్ర వచ్చేదాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది.

మరుసటి వారం కంపెనీ తెరిచారు. హన్నమ్మ సీసాలు తుడిచి కాగితాలు అంటించే బల్ల దగ్గర నిలబడేది. మామిడికాయ, ఉసిరికాయ, గోంగూర. చేతులు పని చేసుకుపోయేవి. తప్పు చేశానన్న బరువు పోయింది. నాయిన సమాధి దగ్గరికి పోయి ఆయనకు చెప్పాల్సింది చెప్పింది. అయినా తేలిక అనిపించలేదు. బరువు ఉన్నన్నాళ్లు దాన్ని పట్టుకుని ఉండేది. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు, ఒక మనిషి మొహం తప్ప. ఆ మొహం చేపల దుకాణంలో, ఒక ఆటో ప్రయాణం అంత దూరంలో, ఈ నిమిషంలోనే ఉంది. నీళ్లు చల్లుతూ, ఈగలు తోలుతూ.

మూడు వారాల తర్వాత బాలేష్ ఫోను చేశాడు. ఏదో ఒక ముక్క మళ్లీ తీయాలట. అదే చీర, అదే చోటు, అదే మనుషులు రావాలి. హన్నమ్మ కంపెనీలో సెలవు అడిగింది. ఆ పొద్దున తల దువ్వుకోవడానికి ఎప్పుడూ పట్టనంత సేపు పట్టింది. గిడియోన్ మెడికల్ షాపుకు పోతూ, "ఏందమ్మా, ఇయ్యాల పండుగా?" అన్నాడు.

మూడో వరుసలో ఆమె పక్కన తెల్ల చొక్కా, జరీ కండువా కూర్చుంది. తల తిప్పి చూసింది. ఎవరో వేరే మనిషి.

"ఈ అంకుల్ కాదు సార్," అంది సాయినాథ్‌తో.

"ఆయన రాలేదట ఆంటీ. పర్వాలేదు, వెనక మొహాలు మసక మసకగా ఉంటయ్. కండువా కనిపిస్తే చాలు."

లెక్క పెట్టుకుంటూ ఆ ముక్క పూర్తి చేసింది. తర్వాత బాలేష్‌ను అడిగింది. "మహేందరా? ఆయన భార్యకు మోకాలు ఆపరేషనైందట. ఇల్లు ఇడిచి రానన్నడు," అన్నాడు అతను.

మధ్యాహ్నానికే వదిలారు. వ్యాను శామీర్‌పేట బస్సు స్టేజీ దాటుతుండగా హన్నమ్మ ఆపమంది. లత, "తోడు రావాల్నా?" అంది. వద్దంది. చేపల దుకాణం మూసి ఉంది. పక్క కిరాణా కొట్టువాడు ఇల్లు చూపించాడు.

ముందు గదిలో మంచం మీద, మోకాలికి కట్టుతో, ఒక లావుపాటి ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఎవరమ్మా?" అంది.

"నేను... హన్నమ్మని. దూలపల్లిల ఉంట. షూటింగుల..."

భవాని ఆమెను కింది నుంచి మీది దాకా చూసింది. తొందరేమీ లేకుండా చూసింది. "రా. కూసో," అంది చివరికి. "ఆయన మందులకు పోయిండు. వచ్చేస్తడు."

హన్నమ్మ కుర్చీ అంచున కూర్చుంది. వచ్చినందుకు అప్పుడే పశ్చాత్తాపం మొదలైంది.

"ఆ దినం ఇంటికొచ్చి నీ ముచ్చట జెప్పిండు," అంది భవాని. "అంతకు ముందు గూడ తెలుసు. పెండ్లయిన ఏడాదే జెప్పిండు, ఒక పిల్లకు వస్తనని జెప్పి పోలేదని. తాగినప్పుడల్ల గదే పాట. ఇప్పుడు తాగుడు బందు వెట్టిండు లే."

"నేను ఊకె నీకెట్లున్నదో సూసిపోదామని..."

"అబద్ధం ఆడకు," అంది భవాని, కోపం లేకుండా. "నన్నెందుకు సూడొస్తవ్? ఆయనను సూడొచ్చినవ్. నాకు తెలుసు. ఏమనుకుంట? నువ్వు ఆ దినం తల ఎత్తి ఉంటే నాకు గీ ఇల్లు లేదు, గా బిడ్డలు లేరు. నిన్ను తిట్టాల్నా, దండం పెట్టాల్నా, నాకే తెల్వదు."

 కొంతసేపటికి భవాని కాలు కదిపి మొహం చిట్లించింది. పెరట్లోకి పోవాలి, చిన్న కూతురు కాలేజీ నుంచి రాలేదు. "జర పట్టుకుంటవా?" అని అడిగింది.

హన్నమ్మ ఆమె చంక కింద చెయ్యి వేసి లేపింది. బరువైన మనిషి. ఇద్దరూ అడుగు అడుగు లెక్కన పెరట్లోకి పోయారు, అడుగు అడుగు లెక్కన తిరిగి వచ్చారు. గుమ్మం దగ్గర భవానికి కాలు నొప్పి ఎక్కువై ఆగి, తన తల హన్నమ్మ భుజం మీద ఆనించింది. అట్లా నిలబడి ఉండగా గేటు చప్పుడైంది.

మహేందర్ మందుల కవరు పట్టుకుని గేటు లోపల నిలబడిపోయాడు.  

"సూస్కుంట నిలబడితే అయితదా?" అంది భవాని. "చాయ్ పెట్టు పో."

హన్నమ్మ ఆ చాయ్ తాగింది. అతను చక్కెర ఎక్కువ వేశాడు. ముగ్గురూ మోకాళ్ల గురించి, డాక్టరు చెప్పిన కసరత్తుల గురించి మాట్లాడారు. లేవబోతుంటే భవాని ఆమె ఫోను నంబరు తీసుకుంది. మహేందర్ స్టేజీ దాకా వస్తానంటే హన్నమ్మ వద్దంది. మేడ్చల్ ఆటోలో ఇద్దరు కాలేజీ పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని ఇంటికి వచ్చింది.

ఆ తర్వాత శామీర్‌పేట పోలేదు. ఎప్పుడైనా పోవచ్చు, దారి తెలుసు, తలుపు తీసే ఉంటుంది. పోలేదు. కానీ వారానికొకసారి, ఆదివారం హన్నమ్మ చర్చి నుంచి వచ్చాక, భవాని ఫోను చేస్తుంది. మోకాలు ఎంత వంగుతోందో చెబుతుంది. చిన్నదానికి సంబంధాలు చూస్తున్నామంటుంది. హన్నమ్మ ఊఁ కొడుతుంది, పచ్చళ్ల కంపెనీ కబుర్లు చెబుతుంది. భవాని మాటల వెనకాల ఆ ఇల్లు వినిపిస్తుంది. కుక్కరు కూత, గేటు కిర్రుమనడం, ఎవరో దగ్గడం, "తాళంచెవి యాడ పెట్టినవే" అని ఒక మగ గొంతు. అప్పుడు హన్నమ్మ కొత్త మాట ఏదో ఒకటి వెతికి అడుగుతుంది, ఫోను ఇంకొంచెం సేపు నడవాలని.

"ఈడనే ఉన్నడు. మాట్లాడుతవా?" అంటుంది భవాని ఒక్కోసారి.

"నాకేం పని ఆయనతోని?" అంటుంది హన్నమ్మ. అని ఫోను పెట్టేయదు.